కార్డు లేని కుటుంబం ఏ విచారణది?

సంపాదకులకు నమస్కారం.

చెన్నై కతోలిక గుళ్ళలో నెలకొక్కసారైనా తెలుగు పూజ (మాస్) పెట్టించాలని ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకరు రాశారు. ఆ కోరిక నాకూ ఉంది. నేను ఫిరంగిపురంలో పుట్టినదాన్ని. రైల్వే ఉద్యోగం పుణ్యమా అని 1986 నుంచి ఉత్తర చెన్నైలో ఉంటున్నాను. ఇన్నేళ్ళయినా గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి తమిళంలో మోకరిస్తే సగం పాపాలకు మాటలు దొరకవు. అయితే తెలుగు పూజ కంటే ముందు తేలాల్సింది ఒకటుంది. అద్దె ఇళ్ళలో ఉండే మనవాళ్ళు అసలు ఏ విచారణకు, అంటే ఏ గుడి పరిధికి (పారిష్‌కు) చెందుతారు?

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా విచారణలో ప్రతి కుటుంబానికీ ఒక కార్డు ఉంటుంది. నెలనెలా చందా కట్టి అందులో సంతకం పెట్టించుకోవాలి. పిల్లలకు జ్ఞానస్నానమన్నా, పెళ్ళికి లెటర్ కావాలన్నా ఆఫీసులో మొదట అడిగేది ఆ కార్డే. సొంతిల్లు ఉన్నవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యేసరికి సామాను సర్దుకునేవాళ్ళకే తంటా.

మూడేళ్ళ క్రితం మా వెనక వీధిలోకి నూజివీడు వైపు నుంచి ఒక జంట వచ్చారు. అతను టైల్స్ పని చేస్తాడు. అప్పటికి వాళ్ళ పాపకు ఐదు నెలలు. ఆ అమ్మాయి ఆదివారం పూజకు వచ్చి చివరి బెంచీ వెనక నిలబడేది, సత్ప్రసాదం తీసుకోగానే వెళ్ళిపోయేది. పాపకు జ్ఞానస్నానం ఇప్పించాలని ఆఫీసుకు వస్తే కార్డు ఏదన్నారు. లేదంటే, వచ్చిన నెల నుంచి లెక్క వేసి చందా కట్టమన్నారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. విజయవాడ గుణదల మాత పండక్కి వెళ్ళినప్పుడు సొంతూళ్ళోనే ఆ పని కానిచ్చుకొచ్చారు. నేను విచారణ కౌన్సిల్లో ఉన్నాను. ఆ మాట అన్న కుర్చీ పక్క కుర్చీలోనే కూర్చుని, పండగ రసీదు పుస్తకాలకు స్టాంపు వేస్తున్నాను. నోరు మెదపలేదు. రూలు కదా అనుకున్నాను.

ఆ రూలు ఏమిటో తర్వాత సెమినరీలో చదివే మా తమ్ముడి కొడుకు చెప్పాడు. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం ఒక విచారణ హద్దుల్లో మూడు నెలలు ఉండే ఉద్దేశంతో వచ్చినా, నిజంగా మూడు నెలలు గడిపినా, అక్కడి విచారణ గురువే వాళ్ళ గురువు. కార్డు ఊసు అందులో లేదు. పేదరికం కారణంగా ఎవరూ జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారాలకు దూరం కాకుండా చూడాలని 848వ సూత్రం చెబుతోందట. చందా వద్దని నేననను. గుడి కరెంటు బిల్లు ఎంతొస్తుందో నాకు తెలుసు. ఆ బాకీని పసిపిల్ల జ్ఞానస్నానానికి ముడిపెట్టడమే మింగుడు పడటం లేదు.

మనవాళ్ళనూ అనాలి. సెప్టెంబరు 8కి బెసంట్ నగర్ వేళాంగణి మాత గుడికి పిల్లాజెల్లాతో వెళ్తారు. ఫిబ్రవరి 11న పెరంబూరు లూర్దు మాత పండక్కి వెళ్ళి, అదే రోజు గుణదలలో ఉండలేకపోయామని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. వీధి చివర ఉన్న ఫాదర్‌కు మాత్రం ఫలానా ఇంట్లో ఉంటున్నామని చెప్పరు. ఎందుకంటే తమిళం రాదంటారు. కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో మరి!

ఇక్కడ వీధుల వారీగా కొన్ని కుటుంబాలను కలిపి 'అన్బియం' అంటారు. వాళ్ళ ప్రార్థన కూటం ఇల్లిల్లూ తిరుగుతుంది. కుటుంబమే గృహ శ్రీసభ అని 1964లో రెండో వాటికన్ మహాసభ చెప్పిందని ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. నా కంటికి కనబడింది మాత్రం అన్బియంలోనే. మనసు ఊరుకోక, ఆ వేసవిలో కూటం మా ఇంట్లో పెట్టించి ఆ జంటను పిలిచాను. మాది మేడ మీద పోర్షను, హాలు చిన్నది. చాపలు చాలక దుప్పట్లు పరిచాం. జపమాల చెప్పేటప్పుడు ఎదురింటి తమిళావిడ "అరుళ్ నిఱైంద మరియే" అని మొదలుపెడితే మేం నలుగురం "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా" అని తెలుగులో అందుకున్నాం. మొదట్లో మేం ముగించేలోపే ఆవిడ తర్వాతి పూస పట్టేసుకునేది. మూడో దేవరహస్యానికి, అంటే జపమాలలో మూడో భాగానికి, సర్దుకుంది. పాప నా జపమాల లాక్కుని శిలువ నోట్లో పెట్టుకుంది. గుగ్గిళ్ళు తిని లేచేటప్పుడు అన్బియం నోట్‌బుక్కులో వాళ్ళ ముగ్గురి పేర్లూ నేనే రాశాను.

రెండు నెలలకు ఆ కుర్రాడు గుడి మెట్ల మీద ఊడిపోయిన టైల్స్‌ను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని అతికించాడు, కూలి తీసుకోలేదు. కార్డున్నవాళ్ళం ముగ్గురం పక్కన నిలబడి సిమెంటుకు నీళ్ళందించాం.

అన్బియం నోట్‌బుక్కులో పేరుంటే ఆఫీసులో అది చాలనుకోవాలని ఇప్పుడు కౌన్సిల్లో అడుగుతున్నాను. ఇంకా తేలలేదు. అలా చేస్తే చందా ఎవరూ కట్టరని లెక్కలు చూసేవాళ్ళ టెన్షన్. మనవాళ్ళు కూడా ఇల్లు మారిన వారంలోనే జ్ఞానస్నానం, పెళ్ళి సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని ఫాదర్‌ను కలవాలి. భాష భయమైతే పక్కింటి పిల్లను తోడు తీసుకెళ్ళండి. తెలుగు పూజ కోసం పోయినేడాది మేం అర్జీ పట్టుకెళ్తే మొదట అడిగింది, ఇక్కడ మీ తెలుగు కుటుంబాలు ఎన్ని అని. అర్జీ మీద సంతకాలు పదకొండు ఉన్నాయి. అందులో నాలుగు మా ఇంట్లోవే.

పేరు వేయవద్దని మనవి. వేస్తే విచారణ ఏదో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని,
ఉత్తర చెన్నై