గోంగూర నారుకు పూటపూటా నీళ్ళు పోయమనకండి

సంపాదకుల వారికి,

ఫిబ్రవరి నెలాఖరున మీ ఆదివారం పుస్తకంలో, విదేశాల్లో ఉండే మనవాళ్ళు ఇంట్లోనే కూరగాయల నారు పెంచుకోవడం గురించి ఒక వ్యాసం వచ్చింది. అందులో రెండు ముక్కలు నాకు బాగా గుర్తున్నాయి. నారుకు ఉదయం, సాయంత్రం నీళ్ళు పోయాలి. ఆకు పసుపు తిరిగితే చిటికెడు యూరియా వేయాలి. ఆ రెండూ తు.చ. తప్పకుండా పాటించి 36 కప్పుల్లో 29 కప్పుల నారు చంపుకున్నాను. ఈ ఉత్తరం అందుకే.

మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. హైస్కూల్లో 31 ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న రెండెకరాల్లో నార కోసం గోగు, అంటే గోంగూర మొక్కనే, వేసేవారు. కోసిన కట్టల్ని చెరువులో ఊరబెట్టి నార తీసే రోజుల్లో ఊరంతా అదే వాసన. పెళ్ళిచూపులు ఆ నెలలో పెట్టుకునేవాళ్ళం కాదు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి గోంగూర నారు గురించి ఇంకొకరు చెప్పాలా అన్న ధీమా నాది. అయినా అమెరికా వాతావరణం కొత్త కదా అని మీ వ్యాసం కత్తిరించి సంచిలో పెట్టుకుని మరీ వచ్చాను.

ఇప్పుడు న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. విత్తనాలు మాత్రం ఇంటి నుంచి తేలేదు. ధనియాల పొడి డబ్బాలో దాచి తెద్దామని మా ఆవిడ అంది గానీ, సర్టిఫికెట్ లేకుండా నాటే విత్తనాలు తేవడం ఇక్కడ తప్పు, వద్దన్నాను. ఓక్ ట్రీ రోడ్డులో మన దుకాణాలు బోలెడు. అక్కడే గోంగూర, మిరప, టమాటా పొట్లాలు కొన్నాం. మార్చి 3న ఒక్కో రకం పన్నెండేసి కప్పులు వేశాను.

మా నాన్న నారుమడి ఎలా ఉండేదో చెబితే తేడా తెలుస్తుంది. నేలకంటే జానెడు ఎత్తు, చుట్టూ కాలవ, పైన అడ్డం లేని ఎండ. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఆవిరై, మిగిలింది కాలవలోకి జారిపోయేది. అక్కడ రెండు పూటలా నీళ్ళంటే అర్థముంది. ఎడిసన్‌లో మార్చి నెల, ఈశాన్యం వైపు కిటికీ, దానికి రెండు పొరల అద్దం. ఇంట్లో హీటరు తిరుగుతున్నా రాత్రిపూట అద్దం పక్కన చెయ్యి పెడితే జిల్లుమంటుంది. ఆ చోట ఒకసారి తడిసిన కప్పు ఐదు రోజులైనా ఆరదు. దాంట్లో నేను పూటకో గ్లాసు పోస్తూ వచ్చాను!

మొదట పోయింది టమాటా. రాత్రి నిటారుగా ఉన్న మొలకలు తెల్లారేసరికి పడుకుని ఉన్నాయి. మట్టిని ఆనుకున్న చోట కాడ నల్లబడి, దారంలా సన్నబడి వంగిపోయింది. మన రైతులందరికీ తెలిసిన నారుకుళ్ళు తెగులే. తడి మట్టిలో, గాలాడని చోట శిలీంధ్రాలు చేసే పని అది. 31 ఏళ్ళు ఈ పాఠం చెప్పినవాణ్ణి, నా కప్పుల్లోకి వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. దాహం వేసి వాలిపోయాయనుకుని ఇంకో చెంబు పోశాను.

మిరప మొలవడానికే మూడు వారాలు పట్టింది. దానికి మట్టి వెచ్చగా, 25 నుంచి 30 డిగ్రీల దాకా ఉండాలి. కిటికీ గట్టు మీద ఆ వేడి ఎక్కడిది? మిగిలిన టమాటా మొలకల ఆకుల అడుగున ఊదారంగు వచ్చింది. మా అమ్మాయి అది ఆ రకం లక్షణమేమో అంది. కాదు. వేళ్ళు చల్లబడితే మట్టిలో ఉన్న భాస్వరాన్ని కూడా అందుకోలేవు, అప్పుడు ఆ రంగు తిరుగుతుంది. కొన్ని ఆకులు పసుపు తిరిగాయి. అప్పుడే మీ యూరియా వాక్యం గుర్తుకొచ్చింది. యూరియా దొరకక ఇక్కడ అమ్మే నీలం రంగు ఎరువు పొడి నీళ్ళలో కలిపి పోశాను. రెండు రోజుల్లో ఆకు కొసలు మాడాయి. కప్పుల్లో నింపిన సంచి మట్టిలో అప్పటికే ఎరువు కలిపి ఉందని సంచి వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అద్దాలు పెట్టుకుని అది నేను చదివింది అంతా అయిపోయాక. పైగా ఆ పసుపులో సగం, మొట్టమొదట వచ్చే రెండు విత్తనపు ఆకులదే. అసలు ఆకులు వచ్చాక అవి ఎలాగూ పండి రాలతాయి, దానికి మందు అక్కర్లేదు.

ఇది చాలదన్నట్టు మట్టి మీద నల్లటి చిన్న ఈగలు చేరాయి. ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టిలో గుడ్లు పెడతాయి, వాటి పురుగులు లేత వేళ్ళను కొరుకుతాయి.

మిగిలిన ఏడు కప్పులూ గోంగూరవే. వాటిని బతికిద్దామని మా అల్లుడు ఎల్ఈడీ ట్యూబు తెచ్చి బట్టల గదిలో బిగించాడు. నా భయం వదలక, ఆ దీపాన్ని ఆకులు మాడతాయేమోనని మూడడుగుల ఎత్తున కట్టించాను. మొక్కలు దాన్ని అందుకోవాలన్నట్టు సాగి సాగి, పుల్లల్లా నిలబడలేక ఊగాయి.

ఏప్రిల్ చివరి వారంలో పొగ అలారం బ్యాటరీ మార్చడానికి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అతను వచ్చాడు. మూసిన బట్టల గది తలుపు కింద నుంచి వెలుగు, తలుపు తీస్తే దీపం కింద వేళ్ళు చాపినట్టు చీలిన ఆకులు. మనిషి అక్కడే ఆగిపోయాడు. న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళు లైసెన్సు దుకాణంలో గంజాయి కొనుక్కోవచ్చు గానీ, ఇంట్లో మొక్క పెంచడం మాత్రం నేరం. ఆ సంగతి అతనే చెప్పాడు, మర్యాదగానే. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం, అయినా 'పోలీస్' అన్న మాట వినపడగానే చెమటలు పట్టాయి. నాకూ టెన్షనే. మన్యంలో గంజాయి కేసుల వార్తలు రోజూ మీ పేపర్లో చదివినవాణ్ణే కదా.

ఇందులో అతని తప్పేమీ లేదు. గోగు శాస్త్రీయ నామమే హైబిస్కస్ కన్నాబినస్. కన్నాబినస్ అంటే గంజాయి మొక్కను పోలినదని అర్థం. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఏదో ఒకనాడు నా మీదికే వస్తుందనుకోలేదు. తేడా చూపించాను. గంజాయిలో వేలు వేలుకీ విడి ఆకు, అన్నీ ఒకే కాడకు అతికి ఉంటాయి. గోంగూరది ఒకటే ఆకు, లోపలిదాకా చీలి ఉంటుందంతే. అతనికి నమ్మకం కుదరలేదు. మా అమ్మాయి ఒక ఆకు తుంచి తను సగం నమిలి, మిగతా సగం అతని చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని ఆ పులుపుకి ఒక కన్ను మూసేశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

వెళ్ళబోతూ ఒక కప్పు చేత్తో ఎత్తి చూశాడు. "ఇది ఇంత బరువుందేంటి? మొక్క కాదు, మీరు చెరువు పెంచుతున్నారు" అన్నాడు. వాళ్ళమ్మ ప్రతి మార్చిలో టమాటా నారు పెంచేదట. కప్పు తేలికైతేనే నీళ్ళు పోసేదట. గోగు చెరువు గట్టున పెరిగిన నాకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

ఆ రోజే అన్నీ మార్చాం. కప్పుల అడుగున వేడి మేకుతో నాలుగేసి చిల్లులు పెట్టాను, అంతకుముందు ఉన్నది ఒక్కటే. దీపాన్ని జానెడు ఎత్తుకు దించి, రోజుకు 15 గంటలు వెలిగేలా టైమరు పెట్టాం. నీళ్ళు పైనుంచి మానేసి, పళ్ళెంలో పోసి కప్పులు అందులో ఉంచి, అరగంటకు మిగిలినవి పారబోస్తున్నాను. పైమట్టి ఆరి, కప్పు ఎత్తితే ఖాళీగా అనిపించాకే మళ్ళీ తడి. నాలుగైదు రోజులకోసారి వస్తోంది ఆ పని. చిన్న ఫ్యాను పక్కన తిరుగుతోంది, ఆ గాలికి కాడలు గట్టిపడ్డాయి. పసుపు జిగురు అట్టలకు ఈగలు అంటుకున్నాయి, పైమట్టి ఆరాక కొత్తవి రాలేదు. ఎరువు చుక్క కూడా వేయలేదు. ఏడింటిలో ఆరు నిలిచాయి.

టమాటా మళ్ళీ వేశాను. ఈసారి సాగిన మొలకల్ని విత్తనపు ఆకుల దాకా మట్టిలో పూడ్చి నాటాను, టమాటా కాడకు ఎక్కడ పూడిస్తే అక్కడ వేళ్ళు వస్తాయి. గోంగూరకు అలా చేయకండి. దానిది లోతుకు దిగే తల్లివేరు, కదిపితే అలుగుతుంది. అసలు గోంగూరను మార్చి మొదట్లో వేయడమే నా తొందరపాటు. ఇక్కడ మే మొదటి పక్షం దాకా రాత్రి మంచు భయం ఉంటుంది. ఏప్రిల్ నడుమ వేసినా సరిపోయేది.

మీ వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. ఆరుబయట మడిలో ఆ సలహా తప్పు కాదు. ఇంట్లో మొక్కకు ఆకలీ దాహమూ వెలుతురును బట్టి ఉంటాయి. వెలుతురు తక్కువైన చోట దానికి నీళ్ళూ తక్కువే చాలు, ఎరువూ తక్కువే చాలు, ఎక్కువైతే రెండూ విషమే. కానీ మీరు రాసింది చదివి డాలస్‌లోనో, లండన్‌లోనో, హైదరాబాద్‌లో పదో అంతస్తు ఫ్లాట్‌లోనో ఇంకెవరో చెంబు పట్టుకుని నిలబడి ఉంటారు. కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక చిన్న సవరణ వేయండి. నారు వాలినా, పసుపు తిరిగినా ముందు కప్పు ఎత్తి బరువు చూడమనండి. తర్వాత దీపం ఎంత దూరంలో ఉందో చూడమనండి. యూరియా మాట పూర్తిగా తీసేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు
ఆమదాలవలస (ప్రస్తుతం ఎడిసన్, న్యూజెర్సీ)