మామిడి తొక్కతో గోబర్ గ్యాస్: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 జూన్, జూలైలో తోతాపురి మామిడి ధర పడిపోయి చిత్తూరు తోటల్లో కాయ ఎంత పాడైందో మీకు తెలుసు. ధర బాగున్న ఏడాదైనా గుజ్జు తీశాక తొక్క, టెంక కుప్పలు మిగులుతూనే ఉంటాయి. వాటిని గ్యాసుగా మార్చే పద్ధతిని సభ్యులకు నేర్పడమే ఈ ఏడాది సంఘం పెట్టుకున్న పని.

రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసిచ్చే డ్రమ్ము ప్లాంటుకు లెక్క ఇది. మొదటి నెల పేడ, నీళ్లు సమంగా కలిపి పోయాలి, తొక్క వేయకూడదు. మొదట వచ్చే గ్యాసు అంటుకోదు, దాన్ని వదిలేయాలి. మంట నిలిచాక రోజూ 25 కిలోల పేడతో 2 కిలోల తొక్క మొదలుపెట్టి, వారానికి 2 కిలోల చొప్పున పెంచుతూ 10 కిలోల దగ్గర ఆపాలి. పేడకెంతో తొక్కకూ అంతే నీళ్లు. తొక్కను అంగుళం ముక్కలుగా నరకాలి, లేకపోతే పైన తెట్టు కట్టి గొట్టం మూసుకుపోతుంది. టెంక లోపల మురగదు, అడుగున పేరుకుంటుంది. దాన్ని ఎండబెట్టి పొయ్యిలోకో, బాయిలర్లకో వాడాలి.

ఎక్కువ ప్లాంట్లు చెడేది ఆశపడి ఒకేసారి పోయడం వల్లే. తొక్కలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ. చక్కెరను పులియబెట్టే సూక్ష్మజీవులు గంటల్లో పెరుగుతాయి. ఆ పులుపును మీథేనుగా, అంటే మండే గ్యాసుగా, మార్చేవి నెమ్మదిగా పెరుగుతాయి, పులుపు ముదిరితే పని మానేస్తాయి. మాగి రాలిన కాయ తొక్కకన్నా త్వరగా పులుస్తుంది, అందుకే అది ఇంకా తక్కువ పోయాలి. పుల్లటి వాసన, నురగ, మాటిమాటికీ ఆరే మంట కనిపిస్తే పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితంతో చూడండి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 6.8 నుంచి 7.4 దాకా ఉంటే మంచిది. 6.5 కన్నా తగ్గితే తొక్క పూర్తిగా ఆపి, నాలుగైదు రోజులు పేడ నీళ్లే పోయండి. అప్పటికీ పీహెచ్ పెరగకపోతే సున్నపు తేట కొద్దికొద్దిగా కలపండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

ఈ గ్యాసులో కలిసి వచ్చే, కుళ్లిన గుడ్డు వాసనుండే హైడ్రోజన్ సల్ఫైడు స్టవ్వును తినేస్తుంది. గొట్టం మధ్యలో తుప్పుపట్టిన ఇనుప రజను నింపిన డబ్బా పెడితే అది ఆగుతుంది. రజను నల్లబడితే మార్చాలి. తీసిన రజను గాలి తగిలి వేడెక్కుతుంది, కాబట్టి నీళ్లతో తడపండి, గడ్డివాము దగ్గర పోయకండి. గొట్టంలో నీరు చేరే చోట వంచి ఒక కుళాయి బిగించండి.

2 ఘనపు మీటర్ల గ్యాసు సుమారు 0.9 కిలోల వంటగ్యాసుకు సాటి. అంటే రోజూ ఇంత వస్తే 14.2 కిలోల సిలిండరుకు సరిపడా గ్యాసు దాదాపు 16 రోజుల్లో వస్తుంది. ప్లాంటు నుంచి బయటికొచ్చే స్లర్రీ (మురిగిన పేడనీళ్లు) చెట్ల పాదుల్లోకి వెళ్తుంది, ఆ ఎరువు విలువ గ్యాసు కన్నా తక్కువని మేం అనుకోవడం లేదు.

మామిడి ఉండేది రెండు మూడు నెలలే. మిగిలిన తొక్కను డ్రమ్ముల్లో తొక్కి, గాలి చొరకుండా మూత బిగిస్తే నెలల తరబడి పాతర మేతలా నిలుస్తుంది. అది పుల్లగానే ఉంటుంది గనుక వాడేటప్పుడు మళ్లీ 2 కిలోల నుంచే మొదలుపెట్టాలి. వచ్చే సీజనుకు డ్రమ్ములు కావలసినవారు మే నెలలోపు కమిటీకి చెప్పగలరు.

ఇట్లు,
కార్యదర్శి