టెరిటోరియల్ ఆర్మీ గురించి కుర్రాళ్లకు ముందే చెప్పండి

సంపాదకుడి గారికి,

టెరిటోరియల్ ఆర్మీ నియామక ర్యాలీ అనగానే తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లలో చాలామంది ‘మిలిటరీలో పర్మినెంటు ఉద్యోగం’ అనుకునే రైలెక్కుతున్నారు. వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలూ అలాగే ఉంటాయి. 1949 అక్టోబరు 9న మొదలైన ఈ దళం సంగతి వేరు. బయట తమ పని చేసుకుంటూ, ఏడాదిలో కొన్నాళ్లు శిక్షణకు వచ్చి, పిలుపొస్తే యూనిఫాం వేసుకునేవాళ్ల కోసం పెట్టింది. జీతం శిక్షణ రోజులకు, విధుల్లో ఉన్న కాలానికే. జవానుకు పింఛను రావాలంటే విధుల్లో గడిపిన కాలమే మొత్తం 15 ఏళ్లుండాలి. ఇంటిపట్టున ఉన్న ఏళ్లు లెక్కలోకి రావు.

అలాగని సెలవురోజు సరదా అనుకున్నా పొరపాటే. 2025 మేలో కేంద్రం ఈ దళంలోని 32 ఇన్‌ఫాంట్రీ (పదాతి) బెటాలియన్లలో 14 బెటాలియన్లను విధుల్లోకి తీసుకోవడానికి అనుమతిచ్చింది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 దాకా అమల్లో ఉంటుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసే కుర్రాడు అలా వెళ్లి తిరిగొస్తే అతని ఉద్యోగం ఏమవుతుంది? 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని 7ఎ సెక్షన్ ప్రకారం, మునుపటికి తగ్గని షరతులతో యజమాని అతన్ని మళ్లీ తీసుకోవాలి. పీఎఫ్ హక్కులకు 7బి ఉంది. కుర్రాళ్ల మాట సరే, ఈ సెక్షన్ల పేరు విన్న మేనేజర్లు ఎందరు?

ర్యాలీలు కోయంబత్తూరు, బెళగావి లాంటి దూరపు ఊళ్లలో జరుగుతాయి. అంతదూరం పోయాక పరుగు దాకా రాకుండానే వెనుదిరగాల్సి వచ్చేది కాగితాల వల్ల. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు. మన తెలుగువాళ్లకు పట్టిన తంటా ఇది. నేటివిటీ, క్యారెక్టర్ సర్టిఫికెట్ల మీద ఫొటో లేకపోవడం, ఫొటో ఉన్నా దాని మీద అధికారి స్టాంపు పడకపోవడం ఇంకో లోపం. ఆధార్ దిద్దుబాటు ఒక్కరోజులో తేలే పని కాదు, ప్రకటన పడ్డాక పరుగెత్తితే అందదు.

శారీరక సాధనలోనూ అదే తీరు. అందరూ తెల్లారక ముందే 1.6 కిలోమీటర్ల పరుగు తీస్తారు, పుల్ అప్‌లు తీసే ఇనుప బార్ జోలికి మాత్రం పోరు. చేతులు పూర్తిగా చాచి, గడ్డం బార్ దాటితేనే పుల్ అప్ కింద లెక్క. కాళ్లు ఊపి లేస్తే లెక్కపెట్టరు. 9 అడుగుల వెడల్పు గోతిని దాటేలా దూకడం ఎవరూ సాధన చేయరు, చేయడానికి మైదానంలో గొయ్యి ఉంటే కదా!

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఈ వివరాలన్నీ తెలుగులో ఒక్క పేజీలో అచ్చువేసి, ర్యాలీకి రెండు నెలల ముందే గ్రామ సచివాలయాల్లో అంటించాలి. 7ఎ సెక్షన్ గురించి కార్మిక శాఖ ఫ్యాక్టరీలకు ఒక సర్క్యులర్ పంపాలి. మైదానాల్లో నాలుగు ఇనుప బార్లు పాతించడం, ఒక గొయ్యి తవ్వి ఇసుక పోయించడం మునిసిపాలిటీలకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి