పశువైద్య టెక్నీషియన్ చేయదగిన పనులేవో గెజిట్‌లో రాయండి: కర్ణాటక పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేము బెంగళూరులో వెటర్నరీ టెక్నీషియన్ కోర్సుల్లో పాఠాలు చెప్పేవాళ్లం, ల్యాబులు నడిపేవాళ్లం. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాం. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి, సరిహద్దు అవతల చిత్తూరు, హిందూపురం నుంచి ఈ కోర్సులకు వచ్చే పిల్లల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. అప్పు చేసి ఫీజు కడుతున్న ఆ తల్లిదండ్రులకు కూడా సంగతి తెలియాలి.

మేము అడిగేది ఒకటే. నమోదైన పశువైద్యుడి పర్యవేక్షణలో టెక్నీషియన్ ఏయే పనులు చేయవచ్చో, వేటి జోలికి పోకూడదో ఒక్కో పనికీ పేరు పెట్టి గెజిట్‌లో ప్రకటించండి. కోర్సుకు ఎన్ని గంటలు, ఏ పరికరాలు, ఎంతమంది బోధకులు అన్న ప్రశ్నలన్నీ ఆ జాబితా వచ్చాకే తేలతాయి.

ఆ అధికారం మీ చేతుల్లోనే ఉంది. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న వెటర్నరీ సూపర్‌వైజర్, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్ వంటివారిని డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి పశువైద్య సేవలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. ఆ సేవలకు చట్టం చెప్పిన ఉదాహరణలు మూడు: టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం. ఇంకా ఏవేవి చేర్చాలో గెజిట్ ద్వారా చెప్పుకొమ్మని రాష్ట్రాలకే వదిలేసింది. ఊరి పశువుల ఆస్పత్రికి ఆ మూడూ సరిపోయి ఉండవచ్చు. ఇందిరానగర్‌లోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆస్పత్రిలో టెక్నీషియన్ పని వేరు. కాన్యులా (నరంలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) పెట్టాలి, మత్తులో ఉన్న కుక్కను కనిపెట్టుకుని ఉండాలి, ఎక్స్‌రేకు పడుకోబెట్టాలి, స్మియర్ (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం) చూడాలి, ఆపరేషన్ సామాను స్టెరిలైజ్ చేయాలి. వీధికుక్కలకు ఆపరేషన్లు చేసే కేంద్రాల్లో డాక్టరు కోసి కుట్టే కాసేపు తప్ప ముందూ వెనకా పనంతా వీళ్లదే.

రాతలో లేని పనిని క్లినిక్ యజమాని విద్యార్థి చేత చేయించడు. కుక్కకు ఏదైనా అయితే అనుమతి ఎవరిచ్చారన్న ప్రశ్న వస్తుందని అతని భయం, అందులో న్యాయం ఉంది. అందుకే ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన పిల్లలు ఎక్కువగా బోనులు కడిగి, కుక్కలను పట్టుకుని తిరిగి వస్తారు. అదే క్లినిక్‌లో ఏ చదువూ లేకుండా చూసి నేర్చుకున్న కాంపౌండరు ఇంజెక్షన్లు ఇస్తుంటాడు. చదువుకున్న పిల్లకు లేని అవకాశం చదవని మనిషికి దొరకడం పశువులకూ మంచిది కాదు.

చేతిపని నేర్పడానికి ఎంత అవసరమో ఒక్క కాన్యులాతో చెబుతాం. మధ్యరకం కుక్కకు 22 గేజి (సూది లావు కొలత), చిన్న కుక్కకు, పిల్లికి 24 గేజి. ముందరి కాలి మీద వెంట్రుకలు గొరిగి, చర్మం శుభ్రం చేసి, పట్టుకున్న మనిషి మోచేతి దగ్గర బొటనవేలితో నొక్కి కాస్త బయటికి తిప్పితే నరం పైకి తేలుతుంది. సూది లోపలికి పోగానే దాని వెనక ఉండే గుల్లలో (హబ్‌లో) రక్తం కనిపిస్తుంది. కొత్తవాళ్లు నూటికి తొంభైమంది తప్పు చేసేది అక్కడే. రక్తం కనబడగానే ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుకు తోసేస్తారు. సూది మొన గొట్టం కంటే ముందుంటుంది కాబట్టి, రక్తం కనిపించినా గొట్టం అంచు ఇంకా నరం బయటే ఉంటుంది. సూదినీ గొట్టాన్నీ కలిపి ఇంకో ఒకటి రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి, ఆ తర్వాతే గొట్టాన్ని జార్చాలి. లేదంటే నరం చీలి అక్కడ రక్తం గడ్డకడుతుంది. మొదటి ప్రయత్నం మణికట్టు వైపు మొదలుపెట్టాలన్నది కూడా అందుకే. అక్కడ చెడినా పైన ఇంకో చోటు మిగులుతుంది. పైన చెడగొడితే ఆ కాలు ఆ రోజుకు పనికిరాదు.

ఇది ఒకరికి చెయ్యి తిరగడానికి మా లెక్కలో రబ్బరు గొట్టం అమర్చిన నమూనా కాలి మీద పదిసార్లు, తర్వాత ఎలాగూ సెలైన్ అవసరమై వచ్చిన జంతువుల మీద పదిసార్లు చేయాలి. నలభైమంది బ్యాచికి నాలుగు వందల నిజమైన కేసులు. రోజుకు ఐదు డ్రిప్ కేసులు వచ్చే క్లినిక్‌లో ప్రతి కేసూ విద్యార్థికే ఇచ్చినా ఎనభై రోజులు పడుతుంది. కాలేజీలో పెంచే నాలుగు కుక్కల మీద ఈ లెక్క తీరదు, తీర్చాలని చూడకూడదు కూడా. రోజూ అదే నరంలో గుచ్చడం హింస. అందుకే విద్యార్థి క్లినిక్‌లో చేయి పెట్టడానికి రాతపూర్వక అనుమతి కావాలంటున్నాం.

కాన్యులా పెట్టాక అసలు ప్రమాదం సెలైన్ వదలడంలో ఉంది. పది కిలోల కుక్కకు రోజుకు కిలోకు 50 మి.లీ. చొప్పున 500 మి.లీ. ఎక్కించమని డాక్టరు రాశారనుకుందాం. గంటకు సుమారు 21 మి.లీ. మి.లీ.కి 60 చుక్కలు పడే మైక్రో సెట్‌తో నిమిషానికి 21 చుక్కలు, మి.లీ.కి 20 చుక్కలు పడే మామూలు సెట్‌తో నిమిషానికి 7. మైక్రో సెట్లు అయిపోయి ఎవరో మామూలు సెట్ తగిలిస్తే, చీటీలో 21 అని చూసి అలాగే వదిలితే, మూడింతల సెలైన్ లోపలికి పోతుంది. గుండె బలహీనంగా ఉన్న ముసలి కుక్క ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి అది చాలు. పాలు పిండే ఆవుకు 450 మి.లీ. కాల్షియం నరంలోకి ఎక్కించేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. సీసా ఎత్తు తగ్గించి, గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా వదలాలి. తొందరపడితే గుండె లయ తప్పి ఆవు అక్కడే పడిపోవచ్చు. రాత పరీక్షలో వంద మార్కులు తెచ్చుకున్నవాళ్లకు కూడా ఈ రెండూ చేయించి చూడకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

ల్యాబు విషయంలో బెంగళూరులో ముఖ్యమైన ఇబ్బందులు రెండున్నాయి. ఇక్కడ పిడుదుల వల్ల ఎర్లీషియా, బబీసియా అనే రక్త జబ్బుల కేసులు విపరీతం, స్మియర్ చూడడం రాని టెక్నీషియన్‌తో క్లినిక్‌కు పని లేదు. స్మియర్ మీద లీష్‌మన్ రంగు నేరుగా రెండు నిమిషాలు ఉంచి, దానికి రెండింతలు 6.8 పీహెచ్ బఫర్ నీళ్లు (ఆమ్ల, క్షార గుణం మారకుండా మాత్రలతో చేసిన నీళ్లు) కలిపి పది నిమిషాలు ఆగి కడగాలి. బఫర్ బదులు కొళాయిలో వచ్చే బోరునీళ్లు వాడితే, క్షారం ఎక్కువ కాబట్టి ఎర్ర కణాలు నీలిగా, ఆకుపచ్చగా కనిపిస్తాయి. కణం లోపలి పరాన్నజీవి ఆ రంగులో కలిసిపోతుంది. బఫర్ మాత్రలకయ్యే ఖర్చు స్వల్పమే కానీ కొనుగోలు జాబితాలో ఉండదు, ఎందుకంటే ఆ జాబితా తయారుచేసేవారికి స్మియర్ కోర్సులో భాగమా కాదా అన్నదే తేలలేదు. రక్తం గడ్డకట్టకుండా మందు వేసి ఉండే ఈడీటీఏ ట్యూబుదీ ఇదే తీరు. 2 మి.లీ. గుర్తు దాకా నింపాల్సినదాంట్లో అర మి.లీ. పోస్తే మందు ఎక్కువై ఎర్ర కణాలు ముడుచుకుపోతాయి, లేని రక్తహీనత కనిపిస్తుంది.

రెండోది ఆటోక్లేవ్, అంటే ఆపరేషన్ సామానును ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం. 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 15 నుంచి 20 నిమిషాలు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అది సముద్రమట్టం లెక్క. చెన్నైలో సరిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల (మూడు వేల అడుగుల) ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి గేజి 15 చూపినా లోపల వేడి 119 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. వెయ్యి అడుగులకు అర పౌండు చొప్పున, ఇక్కడ ఇంకో పౌండున్నర పెంచాలి, లేదా లోపలి ఉష్ణోగ్రతను చూపే యంత్రం వాడాలి. డ్రమ్ములో సామాను కిక్కిరిసేలా కుక్కితే ఆవిరి మధ్యలోకి చేరదు. పైన అంటించిన టేపు నల్లబడినంత మాత్రాన లోపలి కత్తెర శుభ్రమైనట్టు కాదు, టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది.

మత్తు గురించి ఇంత వివరంగా రాయం, అది తెలిసిన డాక్టర్లు మీ శాఖలో ఉన్నారు. ఒక్క మాట. ఆపరేషన్ చేస్తున్న డాక్టరు కుక్క ఊపిరినీ తనే చూసుకోలేడు. ఐదు నిమిషాలకోసారి గుండె వేగం, ఊపిరి, చిగుళ్ల రంగు, ఒంటి వేడి రాసే మనిషి విడిగా ఉండాలి. ఆ మనిషిని తయారు చేయడానికే ఈ కోర్సు. మత్తుకు వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ (కట్టుదిట్టమైన నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు కాబట్టి బీరువా తాళం, రిజిస్టరు, మిగిలిన మందు లెక్క డాక్టరు బాధ్యతలోనే ఉండాలి. విద్యార్థికి రిజిస్టరు రాయడం నేర్పాలి, తాళంచెవి ఇవ్వకూడదు.

పిల్లల భద్రత గురించి మాత్రం గట్టిగా అడుగుతున్నాం. మొదటి కుక్కను ముట్టుకునే ముందే ప్రతి విద్యార్థికీ రేబిస్ ముందస్తు టీకా మూడు డోసులు పడాలి: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. అడ్మిషన్లు ఆలస్యమై తరగతులు తొందరగా మొదలుపెట్టే సంవత్సరాల్లో ఈ మూడు నాలుగు వారాల ఎడమే ముందుగా మాయమవుతుంది. టీకా ఖర్చును ఫీజులో కలపకుండా ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే వేయించే ఏర్పాటు చేయండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా ఎస్19 టీకా బతికున్న క్రిమితో చేసింది. సూది చేతికి గుచ్చుకున్నా, కంట్లో చింది పడినా మనిషికి జబ్బు రావచ్చు. కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్కు లేకుండా విద్యార్థులను టీకా శిబిరాలకు తీసుకుపోవద్దని ఉత్తర్వు ఇవ్వండి. ఎక్స్‌రే సంగతి ఇంకా సున్నితం. అణుశక్తి చట్టం కింది రేడియేషన్ నియమాల ప్రకారం 18 నిండనివారిని రేడియేషన్ పనిలో పెట్టకూడదు, 16 నిండనివారిని శిక్షణకు కూడా తీసుకోకూడదు. పదో తరగతి అవగానే చేరే పిల్లల్లో కొందరికి పదహారు కూడా నిండి ఉండవు. కాబట్టి ఎక్స్‌రే ప్రాక్టికల్‌ను చివరి సంవత్సరానికి జరపాలి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే డోసు బ్యాడ్జి లేకుండా ఎవరినీ గదిలోకి పంపకూడదు.

పశువైద్యుల్లో కొందరికి ఈ జాబితా మీద అభ్యంతరం ఉందని మాకు తెలుసు. చేతికి సర్టిఫికెట్ వస్తే ఊళ్లో బోర్డు కట్టి వైద్యం మొదలుపెడతారని వారి ఆందోళన. అలా చేసేవాళ్లు లేరని మేము అనం. అందుకే చేయకూడని పనులూ అంతే స్పష్టంగా రాయమంటున్నాం: జబ్బు నిర్ధారణ, మందు రాయడం, జబ్బు ముదిరితే ఏమవుతుందో చెప్పడం, శస్త్రచికిత్స. ఇవి డాక్టరువే. గీత ఎక్కడుందో రాసి ఉంటేనే దాటినవాడిని పట్టుకోగలం. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యశాలలో డాక్టరు పక్కన ఒక పారా వెట్ (పశువైద్య సహాయకుడు) ఉంటాడు. ఆ ఇద్దరిలో ఎవరి పని ఏదో తెలియకపోతే నష్టపోయేది దొడ్లో ఆవు పడిపోయిన రైతే.

పర్యవేక్షణను మూడు రకాలుగా విడదీయమని మా సూచన. మత్తు ఎక్కించేటప్పుడు, కనిపెట్టుకుని ఉండేటప్పుడు డాక్టరు అదే గదిలో ఉండాలి. కాన్యులా, ఎక్స్‌రే, రక్తం తీయడం వంటివాటికి అదే ఆవరణలో ఉంటే చాలు. కట్టు మార్చడం, టీకా వేయడం, ల్యాబు పరీక్షలు చేయడం డాక్టరు రాసిచ్చిన చీటీ మీద చేయవచ్చు. ప్రతి పనికీ కనీసం ఎన్నిసార్లు చేసి ఉండాలో లాగ్‌బుక్‌లో ఉండాలి, పక్కన నమోదు సంఖ్యతో సహా డాక్టరు సంతకం ఉండాలి. బతికున్న జంతువు దగ్గర ఒక బోధకుడికి నలుగురు విద్యార్థులకు మించకూడదు. బోధకులుగా పట్టభద్రులైన డాక్టర్లతో పాటు అనుభవమున్న టెక్నీషియన్లను కూడా తీసుకునే వీలు కల్పించాలి. నరం పట్టడం నేర్పడంలో రోజూ అదే పని చేసే చెయ్యికి సాటి లేదు.

ఈ జాబితాను తయారు చేయడానికి హెబ్బాళ వెటర్నరీ కాలేజీ, బీదర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం, మీ శాఖ జిల్లా అధికారులు, నగరంలోని ప్రైవేటు క్లినిక్‌లు, ఇప్పటికే పనిచేస్తున్న టెక్నీషియన్లు కలిసి కూర్చోవాలి. టెక్నీషియన్లు లేని సమావేశంలో ఈ పని పూర్తి చేయవద్దని మనవి. కన్నడ ప్రతితో పాటు ముసాయిదా జాబితా, లాగ్‌బుక్ నమూనా పేజీలు, కాలేజీకి కావలసిన కనీస పరికరాల పట్టిక పంపుతున్నాం. వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్ల ప్రకటన వెలువడేలోపు గెజిట్ వస్తే, ఫీజు కట్టేముందు తమ పిల్లలు ఏ పని నేర్చుకోబోతున్నారో తల్లిదండ్రులు చదివి తెలుసుకోగలుగుతారు.

ఇట్లు,
వెటర్నరీ టెక్నీషియన్ కోర్సుల బోధకులు, ల్యాబు సిబ్బంది
బెంగళూరు