ఎస్సై పరీక్షకు తెలుగు ఎందుకు లేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఢిల్లీ పోలీసు, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ దాదాపు ఏటా పరీక్ష పెడుతోంది. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. 2024లో ప్రకటించిన ఖాళీలు 4,187. మన హనుమకొండ, వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో డిగ్రీ పూర్తిచేసి పోలీసు కొలువు కోసం కష్టపడుతున్న పిల్లలకు కొదవ లేదు. అయినా వాళ్లలో చాలామంది ఈ పరీక్ష వైపు కన్నెత్తి చూడరు. అదే కమిషన్ పెట్టే కానిస్టేబుల్ పరీక్షకు మాత్రం వరస కడతారు. దానికి కావాల్సిన చదువు పదో తరగతి. ఎందుకిలా అని అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు: కానిస్టేబుల్ పరీక్ష తెలుగులో రాయొచ్చు, ఎస్సై పరీక్ష రాయడానికి లేదు.

కానిస్టేబుల్ పరీక్ష కూడా మొన్నటిదాకా హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉండేది. మన రాష్ట్రంతో పాటు దక్షిణాది నుంచి అడగ్గా అడగ్గా 2023 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ ఒప్పుకుంది. తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో ప్రశ్నపత్రం ఇస్తామని ప్రకటించి, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన పరీక్షతో అమలు చేసింది. మంచి పని చేశారు. కానీ ఎస్సై దగ్గరికి వచ్చేసరికి తలుపు మళ్లీ మూసేశారు. ఆ పరీక్ష ఈనాటికీ హిందీ, ఇంగ్లిష్‌లలోనే జరుగుతోంది.

దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. కానిస్టేబుల్ మూల వేతనం 21,700 రూపాయల దగ్గర మొదలైతే, ఎస్సైది 35,400 దగ్గర మొదలవుతుంది. కానిస్టేబుల్‌గా చేరినవాళ్లు పదోన్నతుల మీద ఆ కుర్చీ దాకా రావాలంటే ఏళ్లకేళ్లు పడుతుంది. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. డిగ్రీ పట్టా ఉన్నవాళ్లు పదో తరగతి ఉద్యోగానికి పోటీ పడితే, నిజంగా పదో తరగతితోనే చదువు ఆగిపోయిన పేదింటి పిల్లాడికి ఆ మేరకు చోటు తగ్గుతుంది. అటు పైమెట్టు అందక ఒకరు, ఇటు కిందిమెట్టు దొరకక మరొకరు నష్టపోతున్నారు.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు నడకకు వెళ్తుంటాను. అక్కడ పరుగు ముగించుకుని చెట్ల కింద కూర్చుని ఫోన్లలో మాక్ టెస్టులు రాసుకునే పిల్లలు నన్ను లెక్కలు అడుగుతుంటారు. మొన్న ఒకమ్మాయి ఫోన్ చూపించి, "సార్, ఇది సమజైతలేదు" అంది. ములుగు దగ్గరి తండా నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి బీఏ పూర్తిచేసిన పిల్ల. ప్రశ్న ఏమిటంటే, ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, ఎవరికి ఎడమన ఎవరున్నారో, ఎవరికి ఎదురుగా ఎవరున్నారో కనుక్కోవాలి. ఇంగ్లిష్‌లో ఆరేడు వరసలుంది. ఆమె బొటనవేలు రెండో వరస మీదే ఆగిపోయింది. నేను ఫోన్ తీసుకుని ఆ షరతులే ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పాను. పుల్లతో మట్టిలో వలయం గీసుకుని, నేను చివరి షరతు చెప్పేలోపే ఎనిమిది మందినీ ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టేసింది.

ఎస్సై మొదటి పేపర్లో 200 ప్రశ్నలకు ఇచ్చేది రెండు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. తప్పు రాస్తే పావు మార్కు కోత కూడా ఉంది. ఆ 36 సెకన్లలో సగం వాక్యం అర్థం చేసుకోవడానికే పోతే ఇక ఆలోచించేది ఎప్పుడు? ఈ పిల్లలు ఓడిపోతున్నది తెలివి లేక కాదు, రీజనింగ్ రాక కూడా కాదు.

పోనీ ఒంట్లో సత్తువ లేదా అంటే అదీ కాదు. ఎస్సైకి మగపిల్లలు 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో, ఆడపిల్లలు 800 మీటర్లు నాలుగు నిమిషాల్లో పరుగెత్తాలి. కేంద్ర కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో ముగించడం రోజూ సాధన చేస్తున్న మన కుర్రాళ్లకు ఇది అందని పరుగు కాదు. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మన హనుమకొండలోనే ఉంది. ఎత్తు విషయంలో గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది. మగవాళ్లకు 170 సెంటీమీటర్లు అడిగేచోట వాళ్లకు 162.5 చాలు. ఈవెంట్స్ (పరుగు, ఎత్తు వంటి దేహదారుఢ్య పరీక్షలు) దాకా వెళ్తే మన పిల్లలు నిలబడతారు, కానీ అక్కడిదాకా వెళ్లనివ్వాలి కదా.

దీనికి అడ్డుచెప్పేవాళ్లు ఒక మాట అంటారు. ఎస్సై అంటే అధికారి, దేశంలో ఎక్కడ వేస్తే అక్కడ పనిచేయాలి, రిపోర్టులు రాయాలి, ఇంగ్లిష్ రాకపోతే ఎలా అని. సబబైన మాటే, కాదనను. అస్సాంలోనో కశ్మీర్‌లోనో డ్యూటీ చేసే అధికారికి ఇంగ్లిష్ కావాల్సిందే. అందుకే రెండో పేపర్ మొత్తం, 200 మార్కులకు, ఇంగ్లిష్ మీదే పెడుతున్నారు. మొదటి పేపర్లో ఇంకో 50 మార్కులు ఇంగ్లిష్‌వి. ఆ 250 మార్కుల జోలికి వెళ్లమని ఎవరూ అడగడం లేదు. మేం అడిగేది మిగతా 150 గురించే: లెక్కలు, రీజనింగ్, జనరల్ నాలెడ్జ్. ఆ 150 మార్కులను బిహార్ కుర్రాడో రాజస్థాన్ కుర్రాడో తాను బడిలో చదువుకున్న హిందీలో రాస్తున్నాడు. ఆ ప్రశ్నల్లో ఇంగ్లిష్ రాకపోవడం అతనికి అడ్డు కానప్పుడు మహబూబాబాద్ అమ్మాయికి మాత్రం ఎందుకు కావాలి? ఇద్దరూ ఒకే పోస్టుకు, ఒకే కటాఫ్ కోసం పోటీ పడుతున్నారు. నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్నది ఈ తేడాయే.

ఎస్సై స్థాయి పరీక్షను తెలుగులో పెట్టడం సాధ్యం కాదనడానికీ లేదు. కాజీపేట జంక్షన్‌లో మనం రోజూ చూసే రైల్వే రక్షణ దళంలోనూ ఎస్సైకి డిగ్రీయే అర్హత. 2024లో ఆ దళంలో 452 ఎస్సై పోస్టులకు రైల్వే నియామక బోర్డులు నోటిఫికేషన్ ఇచ్చాయి. ఆ పరీక్ష తెలుగులో రాసే వీలుంది. మన రాష్ట్ర ఎస్సై పరీక్షలోనూ తెలుగు ఉంది. రైల్వేకు చేతనైనది స్టాఫ్ సెలక్షన్ కమిషన్‌కు చేతకాదా? పైగా అదే కమిషన్ కానిస్టేబుల్ ప్రశ్నపత్రాన్ని తెలుగులో తయారు చేయిస్తోంది. మనుషులు ఉన్నారు, ఏర్పాట్లు ఉన్నాయి.

భాష సంగతి తేలేదాకా మనం ఇక్కడ చేయాల్సినవీ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది బీసీ పిల్లల ధ్రువపత్రం. రాష్ట్ర ఉద్యోగాలకు వాడే బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు పనికిరాదు. సంపన్న శ్రేణికి చెందరని రాసి ఉన్న ఓబీసీ పత్రం కేంద్రం నమూనాలో వేరుగా తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు కాబట్టి అప్లై చేసేముందే అది చూసుకోవాలి. ఈ ఒక్క కాగితం సరిగా లేక, రాతపరీక్ష, ఈవెంట్స్ అన్నీ దాటి వెరిఫికేషన్‌లో రిజర్వేషన్ పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. 20 నుంచి 25 ఏళ్ల వయోపరిమితిలో ఓబీసీలకు వచ్చే మూడేళ్ల సడలింపు కూడా ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. తహసీల్దార్ కార్యాలయాలు నోటిఫికేషన్ రోజుల్లో ఈ దరఖాస్తులను పక్కన పడేయకుండా ముందు తేల్చాలి.

డిగ్రీ చివరి ఏడాది పిల్లలూ అప్లై చేయొచ్చు. కాకపోతే నోటిఫికేషన్లో చెప్పిన తేదీలోగా పాసై ఉండాలి. ఢిల్లీ పోలీసులో ఎస్సై కావాలనుకునే మగపిల్లలకు ఈవెంట్స్ నాటికి బైకు, కారు రెండింటికీ లైసెన్సు ఉండాలి. మన కుర్రాళ్లలో చాలామంది బైకు లైసెన్సుతో సరిపెట్టుకుంటారు. ఫీజు వంద రూపాయలే. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు. ఇంతకన్నా పైకి చూసేవాళ్లకు యూపీఎస్సీ పెట్టే అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష ఉంది. అదీ డిగ్రీతోనే, ఎన్‌సీసీ బీ, సీ సర్టిఫికెట్లకు ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది. ఇవేవీ మన డిగ్రీ కాలేజీల్లో చెప్పే నాథుడు లేడు. ప్లేస్‌మెంట్ సెల్ అని బోర్డు ఉన్న ప్రతి కాలేజీ మొదటి ఏడాదిలోనే పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పూట ఈ సంగతులు చెప్పాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీ స్టడీ సర్కిళ్లు ఈ పరీక్షలోని ఇంగ్లిష్ పేపర్ కోసం ప్రత్యేకంగా తరగతులు పెట్టాలి. ఎస్సైలో ఆ 250 మార్కులు ఎటూ తప్పవు.

వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి ఎంపీలకు నా విన్నపం ఒక్కటే. కానిస్టేబుల్ పరీక్ష విషయంలో పార్టీలకతీతంగా అడిగితేనే పని జరిగింది. ఎస్సై మొదటి పేపర్‌ను తెలుగులో ఎప్పటినుంచి ఇస్తారో వచ్చే పార్లమెంటు సమావేశాల్లో హోంశాఖను, సిబ్బంది వ్యవహారాల శాఖను సూటిగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించండి.

మీ పత్రికకూ ఒక మనవి. ఈ నోటిఫికేషన్ వచ్చిన రోజే గడువు తేదీ, కావాల్సిన పత్రాలు, కేంద్ర ఓబీసీ ధ్రువపత్రం నమూనా తెలుగులో జిల్లా పేజీలో వేయండి. దాన్ని కత్తిరించి హనుమకొండలోని డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డులకు, హాస్టళ్ల గోడలకు అతికించే బాధ్యత నాతో పాటు రిటైరైన అధ్యాపకులం తీసుకుంటాం.

- ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు, హనుమకొండ