కారు కన్నా ఇన్సూరెన్స్ ఖరీదు

అయ్యా,
బ్రిటన్‌లో 17 ఏళ్లకే కారు లైసెన్సు ఇస్తారు గానీ, ఇన్సూరెన్స్ కొటేషన్ చూస్తే గుండె గుభేలుమంటుంది. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడికి సెకండ్ హ్యాండ్ కారు ధర కంటే ఏడాది ప్రీమియమే ఎక్కువ చెప్పారు, అందులో 12 శాతం పన్ను! మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది, అక్కడ వయసు, పోస్ట్‌కోడ్ అన్నీ చూస్తారు. కుర్రాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారన్నది నిజమే, కాదనను. కానీ తగ్గింపు కోసం కారులో బ్లాక్ బాక్స్ (బండి నడిపే తీరును నమోదు చేసి స్కోరు వేసే పరికరం) పెట్టించుకుంటే, పిల్లి అడ్డొచ్చి సడన్ బ్రేక్ వేసినందుకు కూడా స్కోరు కోసేశారు, ఇదేం లెక్క? ఇంకోటి, కారు ఎక్కువగా నడిపేది కుర్రాడే అయినా నాన్న పేరు మెయిన్ డ్రైవరుగా రాయించి డబ్బు మిగుల్చుకోమని మనవాళ్లే సలహా ఇస్తుంటారు, దయచేసి వినొద్దు, అక్కడ అది మోసం కింద కేసవుతుంది.