పిల్లలెక్కే గ్లైడర్ల రికార్డులు ఎవరు చూస్తున్నారు?

ఆర్యా,

క్యాడెట్లకు, బడి పిల్లలకు గ్లైడర్ (సాధారణంగా ఇంజిన్ లేకుండా గాలిలో తేలే చిన్న విమానం) శిక్షణ ఇచ్చేచోట భద్రత మాట వస్తే ఇన్‌స్ట్రక్టర్‌కు ఎన్నేళ్ల అనుభవం అని అడుగుతారు. ఆ గ్లైడర్ లాగ్‌బుక్‌ను (ఎగిరిన గంటలు, మరమ్మతులు రాసే పుస్తకాన్ని) బయటివాళ్లు చివరిసారి ఎప్పుడు చూశారని అడిగేవారు తక్కువ. బ్రిటన్‌లో 2014 ఏప్రిల్‌లో ఎయిర్ క్యాడెట్ల గ్లైడర్లన్నీ ఎగరకుండా ఆపేశారు. వాటిలో వైకింగ్ రకంవి 81, మోటారున్న విజిలెంట్ రకంవి 65. చేసిన మరమ్మతులకు, తనిఖీలకు నమ్మదగిన రుజువులు లేవన్నదే కారణం. 2016లో కనీసం 73 వైకింగ్‌లను, 15 వరకు విజిలెంట్‌లను తిరిగి ఎగిరిస్తామన్నారు. 2018లో విజిలెంట్‌లను పూర్తిగా పక్కనపెట్టారు. ఈలోగా వయసు దాటిపోయిన పిల్లలకు ఆ అవకాశం మళ్లీ రాలేదు. అయినా ఆపడం సరైన నిర్ణయమే. అంతదాకా ఎందుకు రానిచ్చారన్నదే అడగాల్సిన ప్రశ్న.

అసలు చిక్కు లెక్కలో ఉంది. చాలా రకాల ఫైబర్‌గ్లాస్ గ్లైడర్లకు 3,000 గంటల దగ్గర పెద్ద తనిఖీ ఉంటుంది. అందులో నిలిస్తే వాడకం గడువును విడతలుగా పెంచుతారు. పిల్లల శిక్షణలో వించ్‌తో (నేల మీద నుంచి కేబుల్‌ను చుట్టి లాగే యంత్రంతో) లేచి, ఒక చుట్టు తిరిగి దిగడానికి పట్టేది ఐదారు నిమిషాలు. అంటే పుస్తకంలో 100 గంటలు పడేసరికి వెయ్యికి పైగా లాంచ్‌లు అయిపోతాయి. లాంచ్ అయిన ప్రతిసారీ కేబుల్‌ను పట్టి ఉంచే హుక్ తెరుచుకుంటుంది, రెక్కలు వంగుతాయి, చక్రం నేలను గుద్దుకుంటుంది. వారాంతాల్లో గంటల తరబడి గాలిలో తేలే క్లబ్ గ్లైడర్‌నూ దీన్నీ ఒకే గంటల కొలతతో చూస్తే ఇది ఎంత అరిగిందో తెలియదు. అందుకే లాంచ్‌ల సంఖ్య, బరువుగా దిగిన సందర్భాలు ఏ రోజువి ఆ రోజే రాయాలి.

హుక్ సంగతే చూడండి. గ్లైడర్ కేబుల్‌ను దాటి ముందుకు పోతే దానంతటదే వదిలేయాలి. బురద, ఇసుక చేరినా, స్ప్రింగ్ విరిగినా అది బిగుసుకుపోతుంది. రోజూ మొదటి లాంచ్‌కు ముందు కేబుల్ రింగును ముందుకు లాగి పట్టుకుని, పైలట్ కేబుల్ వదలడానికి లాగే నాబ్‌తో ఒకసారి, వెనక్కి లాగి నాబ్ ముట్టకుండా ఇంకోసారి వదిలించి చూడాలి. రెండూ చేస్తే పట్టేది రెండు నిమిషాలు. కేబుల్‌కు వేసే వీక్ లింక్ (లాగుడు మితిమీరితే ముందు తెగిపోవాల్సిన ముక్క) రంగు కూడా ఆ గ్లైడర్ ఫ్లయిట్ మాన్యువల్‌లో ఉన్నదే కావాలి. నలుపు 1,000 డెకాన్యూటన్ల (సుమారు 1,000 కిలోల బరువంత లాగుడు) దగ్గర తెగుతుంది, నీలం 600 దగ్గర. నీలం ఉండాల్సినచోట నలుపు వేస్తే లింక్ తెగాల్సినప్పుడు తెగదు, ఆ భారమంతా గ్లైడర్ మీద పడుతుంది.

బరువైన ల్యాండింగ్‌లో ఫైబర్‌గ్లాస్ రేకులా సొట్టపడదు. వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. పైన జెల్‌కోట్ (నున్నని పైపూత) మీద సన్నని పగుళ్లు కనిపిస్తే అదృష్టమే. నాణెంతో తట్టి చూస్తే విడిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. చక్రం గది, సీటు వెనక అడ్డుపలక, తోక మొదలు, రెక్కల పిన్నులు చూడకుండా తర్వాతి పిల్లవాణ్ని ఎక్కించకూడదు. అనుమానం వచ్చిన ఎవరైనా, క్యాడెట్ అయినా సరే, గ్లైడర్‌ను ఆపించగలగాలి. రుజువు చూపమని వాళ్లను అడగకూడదు.

రెక్కలు, తోక విప్పి మళ్లీ బిగించినప్పుడు కంట్రోల్ కనెక్షన్లను (పైలట్ స్టిక్‌ను రెక్కల, తోక కదిలే పలకలతో కలిపే కీళ్లను) కంటితో చూస్తే చాలదు. పాత రకం బాల్ కనెక్టర్ (గుండ్రని తలకు తొడిగే కీలు) తగిలినట్టే కనిపించి లాక్ పడకుండా ఉండగలదు. ఒకరు ఎలివేటర్‌ను (తోక మీది కదిలే పలకను) కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు స్టిక్ లాగి చూడాలి. రెక్కల మీది ఎయిలరాన్లు (పక్కకు వంచే పలకలు), ఎయిర్‌బ్రేకులు (వేగంగా దిగడానికి తెరిచే పలకలు) కూడా అంతే. సంతకాలు రెండు ఉండాలి.

పిల్లల విషయంలో మరిచిపోకూడని ఇంకో మాట బరువు. ముందు సీటులో కనీస బరువు లేకపోతే గ్లైడర్ గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి అదుపు కష్టమవుతుంది. పిల్లవాణ్ని ఎంత బరువున్నావని అడగడం కాదు, పారాచూట్‌తో సహా తూచాలి. తక్కువైన బరువుకు, బిగించే బ్యాలస్ట్ (అదనపు బరువు) పలకలు వాడాలి, వదులు సంచులు పనికిరావు. తోక దగ్గర మరమ్మతు చేసినా, రంగు వేసినా గ్లైడర్‌ను మళ్లీ తూచాల్సిందే.

ఇవన్నీ మాన్యువళ్లలో ఉన్న పనులే. జారిపోయేది పర్యవేక్షణలో. ఈ రోజు ఇన్ని లాంచ్‌లు పూర్తిచేయాలన్న ఒత్తిడి ఉన్నవారే గ్లైడర్ బాగుందని సంతకం చేస్తే ఆ సంతకానికి విలువ ఉండదు. 2006లో ఆఫ్ఘనిస్తాన్‌లో నిమ్రాడ్ అనే బ్రిటిష్ సైనిక నిఘా విమానం కూలి 14 మంది చనిపోయాక, 2009 నాటి విచారణ నివేదికను అనుసరించి బ్రిటన్ 2010లో సైనిక విమానాల భద్రతకు ప్రత్యేక నియంత్రణ సంస్థను పెట్టుకుంది. గ్లైడర్ చిన్నదని ఆ పద్ధతి నుంచి మినహాయించకూడదు.

తల్లిదండ్రుల దగ్గర అంగీకార పత్రం తీసుకునే ప్రతి శిక్షణ కేంద్రం దానితోపాటే ఒక కాగితం చూపించాలని నిబంధన పెట్టండి. అందులో ఆ గ్లైడర్‌కు చివరి వార్షిక తనిఖీ జరిగిన తేదీ, అది చేసినవారు ఏ సంస్థవారు, ఇప్పటికి ఎన్ని లాంచ్‌లు అయ్యాయి, సరిచేయకుండా వాయిదా వేసిన లోపాలేమిటి అన్నవి ఉండాలి.

ఇట్లు,
గ్లైడర్ల తనిఖీ, మరమ్మతు పనిలో ఉన్నవారు